రంగస్థలంపై తొలి అడుగులు – 4వ భాగం: మనవాళ్లు చూస్తుండగా

గత మూడు భాగాల్లో ఊపిరి గురించి, నిలబడే తీరు గురించి, సంభాషణలు కంఠస్థం చేయడం గురించి చెప్పుకున్నాం. అవన్నీ గదిలో తలుపు వేసుకుని చేసే సాధనలు. ఈసారి ఆ గదిలోకి జనం వస్తారు.

హనుమకొండలో కానీ, కాజీపేటలో కానీ, కరీంనగర్‌లో కానీ సాయంత్రం పూట జరిగే ఔత్సాహిక నటన తరగతుల్లో చేరినవారికి కొన్ని నెలలు గడిచాక ఒక రోజు వస్తుంది. ఆ రోజు అందరినీ రమ్మంటారు. నేర్చుకుంటున్నవారు ఐదారు నిమిషాల దృశ్యాలను ఒకదాని వెనుక ఒకటి ప్రదర్శిస్తారు. టికెట్టు ఉండదు, బహుమతులు ఉండవు. 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద వేదికను ఊహించుకోకండి. మామూలుగా అది ఒక పాఠశాల హాలు, వంద ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు ఫ్యాన్లు. ముందు వరుసలో మీ అమ్మగారు, వెనుక వరుసలో మీతో పనిచేసేవాళ్లు, మధ్యలో ఎదురింటి పిల్లలు.

నాటక పోటీలు జరిపే పరిషత్తుల్లో నాటకం చూడటానికి వచ్చే ప్రేక్షకుడికి మీరు ఎవరో తెలియదు. మీరు అన్న అంటే అన్న, అల్లుడు అంటే అల్లుడు. ఇక్కడ కూర్చున్నవాళ్లకు మీరు ఎవరో బాగా తెలుసు. మీ అసలు గొంతు తెలుసు, నిన్న కూరగాయల బండి దగ్గర మీరు బేరం ఆడిన తీరు తెలుసు. వాళ్ల కళ్ల ముందు మరొక మనిషిగా నిలబడటమే ఈ భాగంలో నేర్చుకోవలసిన విద్య. నాకైతే పరిషత్తు పోటీ కన్నా ఇదే కష్టంగా తోస్తుంది.

అయితే మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. ఒగ్గు కథ చెప్పే కళాకారుడు తరతరాలుగా తనకు తెలిసిన కుటుంబాల ముందే మల్లన్న కథ, బీరప్ప కథ చెబుతూ వచ్చాడు. వినేవాళ్లకు అతను ఎవరి కొడుకో తెలుసు. అయినా డోలు మోగి, అతను ఒక్కసారి ఇటు తిరిగి గొంతు మార్చేసరికి వాళ్లకు మల్లన్నే కనిపిస్తాడు. మరుక్షణం అటు తిరిగితే మళ్లీ కథకుడే. సంక్రాంతికి మొదలయ్యే ఐనవోలు జాతరకు వెళ్లినప్పుడు, ఒగ్గు కథ ఎక్కడైనా సాగుతుంటే దగ్గరగా నిలబడి ఒక్కటి గమనించండి. కథకుడి మాటకు పక్కనున్నవాడు ఎప్పుడూ బదులు పలుకుతూనే ఉంటాడు. ఒకరి మాట ఇంకొకరి చెవిలో పడకుండా ఆ కథ ఒక్క అడుగు కూడా కదలదు. చుట్టూ ఎంత గోల ఉన్నా వాళ్లను పాత్రలో నిలిపేది ఆ వినికిడే.

ఇక సాధనలోకి వద్దాం. ఈ భాగం కోసం ఒక చిన్న దృశ్యం రాశాను. చోటు ఇంటి వసారా, వేళ రాత్రి. తమ్ముడు ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి ఇంటికి వచ్చాడు. భుజం మీద తువ్వాల ఉంది.

అక్క: వచ్చావా? తెల్లవారకముందు పోయినవాడివి.
తమ్ముడు: కొంచెం మంచినీళ్లు ఇవ్వు అక్కా.
అక్క: ఎంత పలికింది?
తమ్ముడు: జెండా పాట బాగానే పోయింది.
అక్క: జెండా పాట సంగతి కాదు. మనకు?
తమ్ముడు: కాంటా కూడా అయిపోయింది.
అక్క: మనకు ఎంత పలికింది తమ్ముడూ?
తమ్ముడు: పిల్లలు తిన్నారా?
అక్క: ఆ తువ్వాల ఇటు ఇవ్వు.

అంతే, తొమ్మిది మాటలు. మార్కెట్ సంగతి తెలియనివారి కోసం ఒక వివరం. ఆ రోజు యార్డులో అన్నిటికన్నా మేలైన సరుకుకు మొదట వేలం పాడి నిర్ణయించే ధరను జెండా పాట అంటారు. అందరికీ ఆ ధర రాదు. తేమ ఉందనో, తాలు ఉందనో తగ్గుతూ వస్తుంది. కాబట్టి 'జెండా పాట బాగానే పోయింది' అన్న తమ్ముడు అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. మన వైపు ప్రేక్షకుల్లో సగం మందికి ఆ మాట వినగానే విషయం అర్థమైపోతుంది. మీరు ముఖం వేలాడేయనక్కరలేదు, నిట్టూర్చనక్కరలేదు. మాటే ఆ పని చేస్తున్నప్పుడు ముఖం కూడా అదే పని చేస్తే రుచి పోతుంది.

ఈ దృశ్యాన్ని అచ్చు భాషలో రాశాను. మీరు పలికేటప్పుడు మీ ఇంట్లో మాట్లాడే తీరుకు తప్పక మార్చుకోండి. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ ఒక్క రోజు మన యాసను మెచ్చుకుని, మిగతా రోజుల్లో వేదిక ఎక్కగానే దాన్ని దాచుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. నర్సంపేట రైతు నర్సంపేట రైతులాగే మాట్లాడాలి.

మొదటి సాధన: మీ జంట నటితో కానీ నటుడితో కానీ ఎదురెదురుగా కూర్చుని ఈ తొమ్మిది మాటలూ చదవండి. ఒక్క నియమం ఉంది. ఎదుటివారి మాట పూర్తయ్యాక అందులోని చివరి పదాన్ని మనసులో ఒకసారి అనుకుని, ఆ తర్వాతే మీ మాట పలకాలి. 'పలికింది' అని మనసులో అనుకున్నాకే 'జెండా పాట' అనాలి. మొదట నత్తనడకలా ఉంటుంది. పదిసార్లు చేశాక ఆ ఆలస్యం దానంతట అదే కరిగిపోయి, వినడం మాత్రం మిగులుతుంది. ఎదుటి మనిషిని నిజంగా వింటున్నవారి కళ్లు ముందు వరుసలో అమ్మ ముఖాన్ని వెతకవు. వెతకకూడదని మనసుకు గట్టిగా చెప్పుకుంటే ఇంకా ఎక్కువ వెతుకుతాయి. అందుకే కళ్లను వారించకండి, చెవులకు పని పెట్టండి.

రెండో సాధన గొంతుది. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన భాషలో వాక్యానికి ప్రాణం చివర ఉంటుంది. 'అమ్మాను', 'అమ్మలేదు'; 'ఇస్తాను', 'ఇవ్వను'. అవునో కాదో, జరిగిందో లేదో, అడుగుతున్నామో చెబుతున్నామో తేల్చేది ఆఖరి అక్షరాలే. కొత్త నటుల గొంతు సరిగ్గా అక్కడే పడిపోతుంది. వాక్యం మొదట్లో ఊపిరి నిండుగా ఉంటుంది, క్రియ దగ్గరికి వచ్చేసరికి అయిపోతుంది. చివరి వరుసలోని పెద్దాయనకు 'మనకు ఎంత పలి...' వరకే వినిపిస్తుంది. ఆయన పక్కవారిని అడుగుతాడు, పక్కవారు చెబుతారు, ఈలోపు రెండు మాటలు దాటిపోతాయి.

దీనికి సాధన ఇలా చేయండి. గోడకు పది అడుగుల దూరంలో నిలబడండి. వాక్యాన్ని మామూలు గొంతుతో మొదలుపెట్టి, ఆఖరి పదాన్ని ఆ గోడకు బంతి విసిరినట్టు పంపండి. అరవకండి. అరిస్తే మాట మొదట్లోనే పగిలిపోతుంది. వారం గడిచాక ఇరవై అడుగుల దూరం వెళ్లండి. తర్వాత ఫ్యాను పెద్ద వేగంలో పెట్టి చేయండి, ఎందుకంటే ఆ రోజు హాలులో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. గుసగుసగా పలకవలసిన 'పిల్లలు తిన్నారా' కూడా ఫ్యాను చప్పుడును దాటి గోడను చేరేదాకా వదలొద్దు.

ఇప్పుడు భయం సంగతి. మీ దృశ్యానికి ముందు వేదిక పక్కన తెర చాటున నిలబడినప్పుడు అరచేతుల్లో చెమట పడుతుంది, మోకాలు వణుకుతుంది, గొంతు జీరబోతుంది. దీన్ని జబ్బులా చూడకండి. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలను ఒకసారి చూడండి: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. స్వేదమంటే చెమట, స్వరభేదమంటే గొంతు మారడం, వేపథువంటే వణుకు. ఎంతో సాధన చేస్తే తప్ప నటుడికి రావని పెద్దలు చెప్పినవి మీకు అడగకుండానే వచ్చి నిలబడ్డాయి. వాటిని పాత్రకు అప్పగించండి. అక్కకు ధర ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలో నిలబడ్డ తమ్ముడికి కూడా అరచేతుల్లో చెమట పడుతుంది కదా! ఆ చెమటను తువ్వాలతో తుడుచుకుంటూ వేదిక మీదికి రండి. చాలామందికి రెండో మాట దాటేసరికి వణుకు తగ్గుతుంది. తగ్గకపోయినా అది ఇప్పుడు మీది కాదు, తమ్ముడిది.

తువ్వాల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. ఈ దృశ్యాన్ని మా తరగతిలో సాధన చేస్తున్నప్పుడు అక్క పాత్ర వేసిన అమ్మాయి చివరి మాట అని, తువ్వాల అందుకుని, మడతపెట్టబోయి చిన్నగా దగ్గింది. మిర్చి యార్డులో పొద్దంతా తిరిగిన తువ్వాలకు ఘాటు పట్టి ఉంటుందని ఆమెకు తోచింది. దులపకుండా, ముఖానికి దూరంగా పట్టుకుని, మెల్లగా దండెం మీద వేసింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ధర ఎంతో ఆమెకు తెలిసిపోయిందని, ఇక అడగదని ఆ దగ్గుతో, ఆ చేతులతో అందరికీ అర్థమైంది. మిమ్మల్నీ దగ్గమని నేను చెప్పడం లేదు. మీ చేతిలో ఉన్న వస్తువు ఆ రోజంతా ఎక్కడ తిరిగి వచ్చిందో ఒకసారి ఆలోచించమంటున్నాను.

మాట మరిచిపోతే ఏం చేయాలి? నా మొదటి ప్రదర్శన రోజు సంగతి చెబుతాను. భూమి పంపకం మీద చిన్న దృశ్యం, నేను తమ్ముణ్ని. రెండో వరుసలో గోడ పక్క కుర్చీ నాన్న కోసం ఉంచమన్నాను. దృశ్యం మధ్యలో అటు చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. అంతే, నా తర్వాతి మాట పోయింది. పక్కనుంచి ప్రాంప్టర్ అందిస్తున్నది నా చెవికి ఎక్కలేదు. అప్పుడు అన్న పాత్రధారి కదలకుండా, అదే కోపంతో, 'పొలం సంగతి అడిగితే ఆ గోడ వైపు చూస్తావేమిటి?' అన్నాడు. ఆ మాట రాతప్రతిలో లేదు. కానీ అన్న అనగలిగిన మాటే అది. నా చూపు తిరిగి అతని మీదికి వచ్చింది, దానితోపాటు మాటా వచ్చింది. చూసినవాళ్లు అది నాటకంలోదే అనుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ స్నేహితుడి పట్ల కృతజ్ఞత తగ్గలేదు.

అతను చేసిన పనిని విడదీసి చూడండి. నేను మరిచిపోయిన మాటను అతను నాకు అందించలేదు. అందించి ఉంటే జనానికి తెలిసిపోయేది. నేను చెప్పవలసిన జవాబుకు సరిపోయే ప్రశ్న అడిగాడు. పైగా నేను ఆ క్షణంలో నిజంగా చేస్తున్న పనినే అందులో వాడుకున్నాడు. మీరూ మీ జంట కూర్చుని దృశ్యంలోని ప్రతి మాటకు ఇలాంటి ఒక ప్రశ్న ముందే రాసి పెట్టుకోండి. తమ్ముడు 'కాంటా కూడా అయిపోయింది' మరిచిపోతే అక్క ఏమని అడగాలి? 'బస్తాలు ఇంకా దించలేదా?' సరిపోతుంది. ఈ పని చేసిన జంటలు ఆ రోజు ఎంత నిబ్బరంగా ఉంటాయో నేను చూశాను.

మిగతావి క్లుప్తంగా. హాలుకు గంట ముందు చేరండి. ఖాళీ కుర్చీల్లో చివరిదానిలో కూర్చుని వేదికను ఒకసారి చూడండి. తర్వాత వేదిక మీద మీ నడకంతా ఒకసారి నడవండి. చెంబులో నిజంగా నీళ్లు ఉంచండి, ఖాళీ చెంబు ఎత్తే చేయి వెంటనే తెలిసిపోతుంది. జనం నవ్వితే మీ పని కొనసాగిస్తూ ఆగండి. నవ్వు సగానికి తగ్గాక మాట అందుకోండి, పూర్తిగా ఆరిపోయేదాకా ఆగితే దృశ్యం చల్లబడుతుంది. ఫోను మోగితే అటు తిరగవద్దు. మీ పాప 'నాన్నా!' అని పిలిస్తే మాత్రం ఒక్క ఊపిరంతసేపు ఆగి, జంట ముఖం చూసి, మాట కొనసాగించండి. ఆ పిలుపును వినలేదన్నట్టు బిగుసుకుపోతే జనం దృష్టి అక్కడే ఉండిపోతుంది.

ప్రదర్శన అయ్యాక చూడవచ్చినవాళ్లు చుట్టూ చేరి 'బాగా చేశావు' అంటారు. ఆనందంగా తీసుకోండి. ఆ తర్వాత, చివరి వరుసలో కూర్చున్నవారిలో ఒకరిని వెతికి పట్టుకుని, 'తమ్ముడికి ధర ఎంత వచ్చిందని మీకు అనిపించింది?' అని అడగండి. వాళ్లు ఒక అంకె చెప్పినా, 'తక్కువే వచ్చినట్టుంది' అన్నా ఆ మాటలను అలాగే కాగితం మీద రాసుకోండి. 'ఏ ధర?' అని ఎదురు అడిగితే అది కూడా రాసుకోండి. ఆ రాత్రే, పడుకునే ముందు, మీ దృశ్యంలో మీరు ఎదుటివారి మాటను నిజంగా విన్న చోట్లు ఎన్నో గుర్తు తెచ్చుకుని రాతప్రతిలో గీత గీయండి. అయిదో భాగాన్ని ఆ గీతలు లేని చోట్ల నుంచి మొదలుపెడదాం.