రాకపోకలు తారుమారైన రోజున బండి ఎక్కే ముందు జాగ్రత్తలు

దారి మళ్లించిన రైలు అదే నంబరుతో, అదే పేరుతో వచ్చినా మీరు దిగవలసిన స్టేషన్‌కు వెళ్లకపోవచ్చు. కాబట్టి చివరి గమ్యం చూసి ఊరుకోక, మీ స్టేషన్ పేరు చెప్పి, అక్కడ ఆగుతుందో లేదో సిబ్బందిని అడిగాకే ఎక్కండి.

మీ బండి సమయానికి ప్లాట్‌ఫారం మీద ఉన్నది ఆలస్యంగా వచ్చిన ముందరి బండి కావచ్చు, అందుకే పెట్టె మీది బోర్డులో నంబరు చదవండి.

రైలుకు బదులు వేసే బస్సులు మామూలు బస్టాపులో ఆగకపోవచ్చు గనుక ఆ చోటు ముందే కనుక్కోండి.

ఫోన్‌లో కనిపించేది ఒక్కోసారి పాత టైంటేబులే. చివరి నిమిషపు మార్పు మైకులోనే ముందు వినిపించవచ్చు, ఇయర్‌ఫోన్లు తీసేయండి.

అదే టికెట్‌తో మరో బండిలో అనుమతిస్తారేమో అడగకుండా టికెట్ రద్దు చేసుకోకండి.