హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు పరీక్షలు ఎలా చేయించాలి?

తల్లి రక్తంలోని హెచ్‌ఐవీ యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే పదార్థాలు) కడుపులో ఉండగానే బిడ్డకు చేరి, 18 నెలల వరకు నిలిచి ఉండవచ్చు. అందువల్ల ఈ యాంటీబాడీలనే వెతికే, పెద్దలకు చేసే ర్యాపిడ్ పరీక్షలో పసిబిడ్డకు పాజిటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ సోకిందని అనుకోకూడదు. ఆ ఒక్క కాగితం చూసి కుమిలిపోకండి. వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా పట్టుకునే పీసీఆర్ పరీక్ష చేయించాలి.

బిడ్డకు ఆరు వారాలు నిండగానే ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీకి (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రానికి) తీసుకువెళ్లండి. మొదటి పెంటావాలెంట్ టీకా సమయం కూడా అదే. తల్లి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) పుస్తకాన్నీ, బిడ్డ టీకాల కార్డునూ వెంట ఉంచుకోండి. అక్కడ పరీక్ష ఉచితం.

బిడ్డ పాదాన్ని వెచ్చగా ఉంచి, మడమ పక్కభాగంలో చిన్న సూదితో గుచ్చి, మొదటి చుక్కను తుడిచేసి, తర్వాత వచ్చే చుక్కలను వడపోత కాగితపు కార్డుపై గుండ్రని గీతల్లో నింపుతారు. ఒక్కో వలయం ఒకే పెద్ద చుక్కతో నిండాలి. చుక్క మీద చుక్క వేస్తే నమూనా పనికిరాకుండా పోవచ్చు. ఎండ తగలకుండా గది వాతావరణంలోనే ఆరబెట్టిన ఈ కార్డును ఐస్‌పెట్టె అవసరం లేకుండానే దూరపు ల్యాబ్‌కు పంపవచ్చు. మారుమూల ఊళ్ల బిడ్డలకు ఈ పరీక్షను అందుబాటులోకి తెచ్చింది ఈ సౌలభ్యమే.

వైరస్ ఉన్నట్టు తేలితే నిర్ధారణకు రెండో నమూనా తీస్తారు. అయితే ఆ ఫలితం కోసం ఎదురుచూడకుండా వెంటనే చికిత్స మొదలుపెట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తొలి వారాల్లోనే చికిత్స అందిన శిశువుల్లో మరణాలు 76 శాతం తగ్గాయని దక్షిణాఫ్రికాలో జరిగిన అధ్యయనం 2008లో చూపింది.

నెగటివ్ వచ్చినా, బిడ్డ తల్లిపాలు తాగుతున్నంత కాలం పరీక్షలు ఆపకూడదు. ఆరో నెలలో, పన్నెండో నెలలో, పాలు మాన్పించిన ఆరు వారాలకు మళ్లీ చేయించాలి. అంతకుముందు ఏ ఫలితం వచ్చినా 18 నెలలకు యాంటీబాడీ పరీక్షలతో తుది నిర్ధారణ జరగాలి. ఈలోగా డాక్టరు రాసిన హెచ్‌ఐవీ నివారణ మందునూ, ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమోక్సజోల్‌నూ సొంతంగా ఆపవద్దు.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన తల్లులు అత్తవారింటికి బయలుదేరే ముందు బిడ్డ పరీక్షా వివరాలు రాయించుకొని, అక్కడి ఐసీటీసీకి బదిలీ చేయించుకోవాలి; ఈ ప్రయాణంలోనే చాలామంది బిడ్డల తదుపరి పరీక్షలు తప్పిపోయే ప్రమాదం ఉంది. ఊరు మారితే విషయం బయటపడుతుందన్న భయం వద్దు: ఆ వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.