సెలూన్ పనిముట్ల మరమ్మతు – పాఠం 4: ఛార్జింగ్ స్టాండుకు పట్టిన చిలుము

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాం. ట్రిమ్మర్ మిషన్ బ్లేడుకు రెండు చుక్కలకు మించి నూనె వేస్తే మిగిలింది ఎక్కడికి పోతుంది? జవాబు: కిందికి. మిషన్‌ను స్టాండులో నిలబెట్టినప్పుడు బ్లేడు పైన ఉంటుంది, ఛార్జింగ్ బిళ్లలు అడుగున ఉంటాయి. రాత్రంతా నూనె మిషన్ ఒంటి మీదుగా జారి, తెల్లారేసరికి స్టాండు గుంటలో చేరుతుంది. దారిలో చిన్న వెంట్రుక ముక్కలను, మెడకు అద్దిన పౌడర్‌ను కూడా వెంట తెచ్చుకుంటుంది. ఈ మూడూ కలిసి నల్లటి ముద్దవుతాయి. నూనెలోంచి కరెంటు పోదు, వెంట్రుకలోంచి పోదు, పౌడర్‌లోంచీ పోదు. స్టాండు పిన్నుకూ మిషన్ బిళ్లకూ మధ్య ఈ ముద్ద పొర కాగితం మందం ఉన్నా చాలు, ఛార్జింగ్ ఎక్కీ ఎక్కనట్టు ఉంటుంది.

"బ్యాటరీ పోయింది" అంటూ రిపేరుకు వచ్చే ట్రిమ్మర్లలో ముందు చూడాల్సింది అందుకే బ్యాటరీని కాదు, స్టాండును. ఈ పాఠం మొత్తం దాని గురించే.

స్టాండులో ఏముంటుంది

పెద్దగా ఏమీ ఉండదు. అడాప్టర్ నుంచి వచ్చే తీగ, గుంటలో రెండు పిన్నులు, కొన్నింటిలో చిన్న బోర్డు, ఒక లైటు, స్టాండు పడిపోకుండా అడుగున బరువు కోసం ఇనుప ముక్క. పిన్నులు రెండు రకాలు. స్ప్రింగు పిన్ను గుండ్రంగా ఉండి, నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది. రెండోది రేకు పిన్ను, వంచిన పల్చటి రేకు ముక్క. రెండిట్లోనూ లోపల ఎక్కువగా రాగి కలిసిన లోహమే ఉంటుంది. పైన నికెల్ పూతో, పల్చని బంగారు పూతో వేస్తారు. ఆ పూత మన కంటికి కనబడనంత పల్చన. ఈ మాట గుర్తుంచుకోండి, గరుకు కాగితం దగ్గర మళ్లీ వస్తుంది.

గుంటలో పిన్నులే కనబడకపోతే అది కాయిల్‌తో ఛార్జ్ అయ్యే రకం. దానికి పొడిగుడ్డతో తుడుపు చాలు. మిగతా పాఠం పిన్నుల రకానికే.

స్టాండు మీది లైటును చూసి మోసపోవద్దు. చాలా స్టాండ్లలో ఆ లైటు "అడాప్టర్ నుంచి కరెంటు ఇక్కడిదాకా వచ్చింది" అని మాత్రమే చెబుతుంది. మిషన్‌లోకి ఎక్కుతోందో లేదో చెప్పాల్సింది మిషన్ మీది లైటు.

ఏం సిద్ధం చేసుకోవాలి

మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది 100 మిల్లీలీటర్లు ఉంటే నెలలకొద్దీ వస్తుంది. 70 శాతం స్పిరిట్ చేతులకు మంచిది, పిన్నులకు కాదు. అందులో మిగతా 30 శాతంలో ఎక్కువ భాగం నీళ్లే. జెల్లు శానిటైజర్ అసలు వద్దు, ఆరిన తర్వాత జిగురు మిగులుతుంది. డెటాల్ కలిపిన నీళ్లూ అంతే. థిన్నర్, పెట్రోలు, గోళ్ల రంగు తీసే మందు తగిలితే ప్లాస్టిక్ తెల్లబడి పగుళ్లు వేస్తుంది.

ఇంకా కావలసినవి: మెత్తటి కుచ్చున్న పాత టూత్‌బ్రష్, ఆరేడు ఇయర్‌బడ్స్, చెక్క పంటిపుల్లలు, పిల్లలు వాడే తెల్ల రబ్బరు, నూలుపోగులు రాని గుడ్డ, ఒక డిజిటల్ మల్టీమీటర్. ఐపీఏ ఇట్టే అంటుకుంటుంది. అగరుబత్తి వెలుగుతున్న పటం కింద కూర్చుని ఈ పని మొదలుపెట్టకండి.

శుభ్రం చేసే వరస

వరస ముఖ్యం. ముందు పొడి పని, తర్వాతే తడి పని. ముందే స్పిరిట్ పోస్తే వెంట్రుకలు బురదలా మారి పిన్ను చుట్టూ ఉన్న సందులోకి దిగుతాయి, ఆ తర్వాత వాటిని బయటికి తీయడం తలనొప్పి.

మొదట అడాప్టర్‌ను సాకెట్ నుంచి పూర్తిగా పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదా అంటే, పాత షాపుల్లో స్విచ్ న్యూట్రల్ తీగ మీద పెట్టిన వైరింగ్ కూడా ఉంటుంది, అందులో స్విచ్ ఆపినా సాకెట్‌లో కరెంటు ఉంటుంది. పీకేస్తే ఆ అనుమానమే ఉండదు. స్టాండును తలకిందులు చేసి అరచేత్తో నాలుగు దెబ్బలు తట్టండి. తలకిందులుగా పట్టుకునే గుంటను బ్రష్‌తో ఊడ్చండి, చెత్త లోపలికి కాకుండా కిందికి రాలుతుంది. నోటితో ఊదవద్దు, ఊపిరిలోని తడి, ఎంగిలి తుంపర నేరుగా పిన్నుల మీదే పడతాయి. హెయిర్ డ్రయర్‌ను చల్లగాలి మీద పెట్టి, పక్క నుంచి ఊదించవచ్చు.

ఇప్పుడు ఇయర్‌బడ్ కొసను ఐపీఏలో ముంచి, సీసా అంచుకు ఒత్తి, కారకుండా చూసుకుని పిన్ను తలను తుడవండి. నల్లగా వస్తే కొస మార్చండి. తెల్లగా వచ్చేదాకా తుడవాలి, మామూలు షాపులో మూడు నాలుగు పుల్లలు పడతాయి. పిన్ను చుట్టూ ఉన్న సందులో పంటిపుల్ల కొసను తిప్పండి. సూది, గుండుపిన్ను, బ్లేడు ముక్క వాడకండి. అవి పూతను గీకుతాయి.

స్ప్రింగు పిన్ను అయితే పంటిపుల్ల మొద్దు వైపుతో నొక్కి వదలండి. రెండు పిన్నులూ ఒకే ఎత్తుకు, ఒకే వేగంతో పైకి రావాలి. ఒకటి కిందే ఆగిపోతే లోపల వెంట్రుక ఇరుక్కుంది. పిన్ను మొదట్లో ఒక్క చుక్క ఐపీఏ వేసి పది పదిహేనుసార్లు నొక్కి వదలండి, కరిగిన మడ్డిని తుడిచి మళ్లీ ఒకసారి చేయండి. బిగుసుకుందని మిషన్ నూనె వేస్తే ఆ రోజుకు కదులుతుంది కానీ, వారానికల్లా ఇంకా ఎక్కువ వెంట్రుకలను పట్టుకుంటుంది. రేకు పిన్ను అణిగిపోతే పంటిపుల్లతో అర మిల్లీమీటరు మాత్రం పైకెత్తండి. అలా రెండు మూడుసార్లు వంచితే రేకు విరుగుతుంది, కాబట్టి ఒక్కసారికే సరిచూసుకోవాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మిషన్ అడుగున ఉన్న రెండు బిళ్లలను తుడవడం మరిచిపోతారు. వాటి మీద అదే ముద్ద ఉంటుంది, మిషన్‌ను స్టాండులో పెట్టగానే కడిగిన పిన్నుకు మళ్లీ అంటుకుంటుంది. బిళ్లలను కూడా అదే ఐపీఏతో తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి, ఆ తర్వాతే అడాప్టర్ పెట్టండి.

చిలుము ఎందుకు ఒకే పిన్నుకు పడుతుంది

రెండు పిన్నులను జాగ్రత్తగా చూడండి. చిలుము పట్టిన స్టాండులో ఎక్కువగా ఒక్క పిన్నే పచ్చబడి ఉంటుంది. అది ప్లస్ పిన్ను.

గిల్టు వేసే చోట జరిగేదే ఇక్కడా జరుగుతుంది. పూత వేసే తొట్టిలో ప్లస్‌కు కట్టిన లోహం కరిగి, మైనస్‌కు కట్టిన నగ మీద పేరుకుంటుంది. మన స్టాండు గుంటలో రెండు పిన్నుల మధ్య తడి చేరి, అడాప్టర్ ఆన్‌లో ఉంటే, అది చిన్న గిల్టు తొట్టే. తడి ఉన్నంతసేపూ ప్లస్ పిన్ను కరుగుతూనే ఉంటుంది. ముందు పూత పోతుంది, తర్వాత లోపలి రాగి బయటపడి పచ్చటి చిలుము కడుతుంది. కరెంటు లేకుండా తడి మాత్రమే ఉంటే చిలుముకు నెలలు పడుతుంది. రెండూ కలిస్తే అంత ఆలస్యం ఉండదు. చెమట, షేవింగ్ నురగ, ఉప్పునీళ్లు తోడైతే ఇంకా త్వరగా అవుతుంది.

దీని నుంచి వచ్చే నియమం ఒక్కటే: కడిగిన మిషన్‌ను, మందు స్ప్రే కొట్టిన మిషన్‌ను తడి ఆరకుండా స్టాండులో పెట్టవద్దు. గుడ్డతో తుడిచి, అడుగు వైపు పైకి ఉండేలా పదిహేను నిమిషాలు పడుకోబెట్టండి. డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉంటే మిషన్ ఒక మీటరు లోతు నీళ్లలో అర గంట తట్టుకుంటుందని అర్థం. ఆ మాట మిషన్‌కే. పక్కనున్న స్టాండుకు, అడాప్టర్‌కు అది వర్తించదు.

చిలుము కొంచెమే ఉంటే ఐపీఏ తర్వాత తెల్ల రబ్బరు ముక్కను కోసి, దాని కొసతో పిన్ను తలను అయిదారుసార్లు మెల్లగా రుద్దండి. రబ్బరు పొట్టును బ్రష్‌తో దులిపేయండి. గట్టిగా పేరుకుంటే ఇయర్‌బడ్‌కు తెల్ల వెనిగర్ అద్ది అర నిమిషం తాకించి ఉంచండి, చిలుము కరుగుతుంది. వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు, ఆపైన ఐపీఏతో ఒకసారి తుడవాలి. డిస్టిల్డ్ వాటర్ అంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లే. కొనేటప్పుడు యాసిడ్ సీసా కాదని చూసుకోండి. ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండుతో తోమితే అని అడగవచ్చు. పులుపు పనిచేస్తుంది, కానీ గుజ్జు స్ప్రింగు లోపలికి పోతే తిరిగి రాదు. బిందెను కడగడానికి బావి ఉంది, పిన్నుకు లేదు.

గరుకు కాగితం సంగతి. రుద్దగానే పిన్ను తళతళ మెరుస్తుంది, ఛార్జింగూ ఎక్కుతుంది. ఆ మెరుపు పూతది కాదు, పూత పోయి బయటపడ్డ లోపలి లోహానిది. తర్వాత పట్టే చిలుము ముందటికంటే త్వరగా పడుతుంది.

మన నీళ్లు

నల్గొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. స్టాండు మీద, పిన్నుల చుట్టూ కనబడే తెల్లటి మరక మాత్రం ఎక్కువగా ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లలోని సున్నపు ఉప్పు. తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడ్‌కు గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములైతే, కాఠిన్యానికి, అంటే ఆ సున్నపు ఉప్పుల మోతాదుకు, 600. రెంటి లెక్కే వేరు. నల్గొండ జిల్లా మర్రిగూడ అయినా మహబూబ్‌నగర్ అయినా, బోరు నీళ్ల తడిగుడ్డతో స్టాండు తుడిస్తే నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు నిలిచిపోతుంది. ఆ ఉప్పు మీద వానాకాలపు తేమ చేరితే పైన చెప్పిన గిల్టు తొట్టి మళ్లీ తయారు. స్టాండు పైభాగాన్ని తడిగుడ్డతో తుడిచినా, గుంటలోకి మాత్రం కుళాయి నీళ్ల చుక్క పోనివ్వద్దు. తలకు నీళ్లు కొట్టే స్ప్రే సీసా ఉండే చోటికి రెండు అడుగుల దూరంలో స్టాండు పెట్టండి.

మీటరు పెట్టి చూడటం

అడాప్టర్ మీద రాసింది చదవండి. ట్రిమ్మర్లకు ఎక్కువగా 5 వోల్టులు, 1 ఆంపియర్ ఉంటుంది. కొన్ని షేవర్లకు 15 వోల్టులు కూడా ఉంటుంది, చూడకుండా ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి గుచ్చితే బోర్డు కాలుతుంది. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర తీగ కొసను ప్లస్ పిన్నుకు, నల్లదాన్ని మైనస్‌కు తాకించండి. మీటరులో ముందు మైనస్ గుర్తు వస్తే పిన్నులు తారుమారయ్యాయి, అదే మీకు ప్లస్ ఏదో చెబుతుంది. రెండు కొసలూ ఒకదానికొకటి తగలకుండా, మొనలో రెండు మిల్లీమీటర్లు వదిలి మిగతా భాగానికి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

5 వోల్టుల స్టాండు 4.75 నుంచి 5.25 మధ్య చూపితే అడాప్టర్, తీగ బాగున్నట్టే. సున్నా చూపితే అప్పుడే స్టాండును తిట్టకండి, మిషన్ పెట్టేదాకా కరెంటు వదలని రకం బోర్డులూ ఉన్నాయి. అడాప్టర్ కొసను విడిగా కొలిచి చూడండి. స్టాండు తీగను వంచుతూ కొలిస్తే అంకె ఎగిరెగిరి పడుతోందా, తీగ లోపల తెగింది. అది ఎక్కువగా స్టాండులోకి దూరే చోటే తెగుతుంది.

కొలత బాగుండి కూడా ఛార్జింగ్ ఎక్కకపోతే లోపం ఎక్కువగా పిన్నుకూ బిళ్లకూ మధ్యే ఉంటుంది. లెక్క చూడండి. మురికి వల్ల ఆ అతుకులో అర ఓమ్ నిరోధం వచ్చిందనుకుందాం. 1 ఆంపియర్ పోతుంటే అర వోల్టు అక్కడే తగ్గుతుంది, మిషన్‌కు 4.5 వోల్టులే అందుతాయి. లిథియం సెల్ నిండాలంటే 4.2 వోల్టులు కావాలి, దాని పైన లోపలి సర్క్యూట్‌కు కొంత కావాలి. అందుకే ఛార్జింగ్ సగంలో నెమ్మదించి, పొద్దంతా పెట్టినా నిండదు. పోయిన ఆ అర వోల్టు వేడిగా మారుతుంది, అర వాట్ అంతా గుండుసూది తలంత చోట. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి మెత్తబడిందంటే ఇదే కారణం. అలాంటి స్టాండును కడిగి వాడవద్దు, మార్చేయాలి. కొత్త అడాప్టర్ కొంటే వోల్టులు అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, ప్లస్ మైనస్ దిక్కు కలవాలి. దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో చూడండి.

ఎప్పుడెప్పుడు

రోజూ షాపు మూసే ముందు పొడి బ్రష్ చాలు. ఐపీఏ పని వారానికి ఒకసారి. మంగళవారం షాపులు బంద్ కాబట్టి సోమవారం రాత్రి తుడిచి, అడాప్టర్ పీకి, మంగళవారమంతా స్టాండును ఖాళీగా ఆరనివ్వడం తేలిక. మీటరు నెలకోసారి. తెలంగాణలో 2021 ఏప్రిల్‌లో మొదలైన పథకం కింద నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితమే, కానీ అది స్టాండును రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంచడానికి కారణం కాకూడదు. మిషన్ నిండగానే తీసేయండి.

ఎండాకాలం ఒక సంగతి. లిథియం సెల్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మేలో రేకుల షాపులో మధ్యాహ్నం అద్దం పక్కన ఎండ తగిలే చోట ఆ వేడి సులువుగా దాటుతుంది. పొద్దున తెరవగానే ఛార్జింగ్ పెట్టండి, లేదంటే మాపటికి. మిషన్ ఒళ్లు ఉబ్బినట్టు కనబడితే మాత్రం స్టాండు సంగతి వదిలేయండి. దాన్ని ఛార్జ్ చేయవద్దు, పొడవవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

ఈ వారం పని: మీ స్టాండును శుభ్రం చేయకముందు మిషన్ సున్నా నుంచి నిండడానికి ఎంతసేపు పట్టిందో నోటుబుక్కులో రాయండి. శుభ్రం చేశాక మళ్లీ సున్నా నుంచి ఛార్జ్ పెట్టి ఆ సమయం పక్కన రాయండి. మిషన్ ఇంకా సరిగా నిండక, రెండు అంకెల మధ్య తేడా ఏమీ లేకపోతే మీ లోపం తీగలోనో, బ్యాటరీలోనో ఉంది. పాఠం 5లో స్టాండు అడుగున రబ్బరు బొడిపెల కింద దాగిన స్క్రూలు విప్పి, తెగిన తీగను 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో అతుకుదాం. ఐరన్, 60/40 (60 శాతం తగరం, 40 శాతం సీసం) సోల్డర్ తీగ దగ్గర పెట్టుకోండి.