ఏటి కోతలో పోయిన తాతగారింటి చోటును పాత పటాలతో గుర్తించడం ఎలా?

మా ముత్తాతగారి మండువా ఇల్లు గోదావరి గౌతమి పాయలో ఒక లంక మీద ఉండేది. ఇల్లూ, దొడ్డీ, ముందున్న పుంతా (బండ్ల బాట) అన్నీ ఏటి కోతకు పోయాయి. ఆ చోటు వెతకడానికి మొదట నేను ఏటి ఒడ్డు నుంచి కొలిచాను. దాంతో ఏడాది వృథా అయింది. ఇక్కడ ఏరు జరుగుతూనే ఉంటుంది. గుళ్లు, కాలవలు, లాకులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. కొలత వాటి నుంచే మొదలుపెట్టండి.

ముందు పాత దస్తావేజు వెతకండి. ఇంట్లో లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలుకు అడగండి. అందులో ఊరి పేరు, సర్వే నంబరు, హద్దులు రాసుకోండి. తాలూకాల స్థానంలో మండలాలు 1985లో వచ్చాయి, కోనసీమ జిల్లా 2022లో వచ్చింది. కాబట్టి కాగితంలో ఉన్న తాలూకా పేరు చూసి కంగారుపడొద్దు. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్లున్న చోట, ఇళ్లకు సాధారణంగా విడి సర్వే నంబర్లు ఉండవు. అలాంటప్పుడు ‘తూర్పు పుంత, ఉత్తరం రేవు బాట’ అన్న హద్దులే ఆధారం.

తర్వాత సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్ (ఊళ్లు, ఏర్లు, బాటలు చూపే పటం) సంపాదించండి. గోదావరి డెల్టా చాలావరకు 65 హెచ్, 65 ఎల్ షీట్లలో వస్తుంది. మైలుకు అంగుళం పటమైతే మంచిది. దాని మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 63 మీటర్లు. అంటే ఈ పటం మిమ్మల్ని పేట దాకా తీసుకెళ్తుంది, గుమ్మం దాకా కాదు.

ఆ పటాన్ని స్కాన్ చేసి గూగుల్ ఎర్త్ ప్రోలో ఇమేజ్ ఓవర్‌లేగా, అంటే ఇప్పటి ఫొటో మీద పరిచినట్టు, పెట్టండి. అసలు పని ఇక్కడే, తొందరపడకండి. పటంలోనూ ఇప్పటి ఫొటోలోనూ కనిపించే నాలుగైదు గుర్తులు ఎంచుకోండి: గుడి, లాకు, పాత చెరువు, కాలవ మలుపు. ఇంటి చోటు వాటి మధ్యలో పడాలి. గుర్తులన్నీ ఒకే వైపు ఉంటే అటువైపు సరిపోయి ఇటువైపు పటం పక్కకు పోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకుముందు పటాల్లో ఆనకట్ట కాలవలు ఉండవు, గుళ్లనే నమ్ముకోవాలి. పటాన్ని కాస్త పారదర్శకం చేస్తే నీళ్ల కింద పాత ఊరి వీధి కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇంకా దగ్గరికి వెళ్లాలంటే మండల సర్వేయర్‌ని కలిసి గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. (ఒక్కో సర్వే నంబరు కొలతల పుస్తకం) అడగండి. పాత ఎఫ్.ఎం.బి.లో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు 66 అడుగులు. 640 లింకులంటే 422 అడుగులు, దాదాపు 129 మీటర్లు. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, పాత నంబరు దేనికి మారిందో అడిగి తెలుసుకోండి.

చివరగా, పెద్దవాళ్ల నోటి మాటతో సరిచూడండి. ‘ఇల్లెక్కడ?’ అంటే చెప్పలేరు. ‘రేవు నుంచి నీళ్లబిందెతో ఎటు తిరిగేవారు?’ అంటే చెబుతారు. చోటు ఇంకా నేల మీదే ఉంటే పాటిమన్ను (పాత ఊరి దిబ్బ మన్ను), పెంకులు, నూతి ఒర చూడండి. నీళ్లలో ఉంటే వేసవిలో, ఏరు తెలిసిన పడవవాళ్లతోనే వెళ్లండి.

మేం అలాగే వెళ్లాం. ఫోన్‌లో మా చుక్క పటంలోని ఇంటి గుర్తు మీదికి రాగానే పడవ ఆపించాం. మా మామ్మ కాసేపు నీళ్లకేసి చూసి, ‘వంటిల్లు అటు’ అని చెయ్యి చాపింది.