పటం పట్టుకుని చరిత్ర చదువుదాం – 4వ పాఠం: వార్సా, 1920

గత మూడు పాఠాల్లో స్కేలుతో దూరం కొలవడం, నదులను గుర్తుపట్టడం, దేశాల సరిహద్దు గీతకీ సైన్యం నిలిచిన గీతకీ తేడా తెలుసుకోవడం చూశాం. ఈసారి ఒక యుద్ధాన్ని మొదటి నుంచి మనమే గీద్దాం. ట్రేసింగ్ పేపరు, తూర్పు ఐరోపా భౌతిక పటం, నాలుగు రంగుల పెన్సిళ్లు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. ఒక్క నియమం: మిగతావన్నీ గీశాకే, అన్నిటికంటే చివర బాణాలు గీయాలి. అచ్చయిన యుద్ధపటాల్లో మన చూపు ముందు ఎర్రబాణం మీద పడుతుంది. అది ఎటు చూపిస్తే అటే మన ఆలోచన కూడా పోతుంది. నేలను ముందు గీసుకున్నవాడికి ఆ బాణం ఎక్కడ బలహీనమో తనంతట తానే కనిపిస్తుంది.

మన ఉదాహరణ పోలండ్–సోవియట్ యుద్ధం. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకోవడంతో 1795లో పోలండ్ పటం నుంచి పూర్తిగా మాయమైంది. 123 ఏళ్ల తర్వాత, 1918 నవంబరులో మళ్లీ పుట్టింది. తూర్పున రష్యాలో బొల్షెవిక్ విప్లవానికి అప్పటికి నిండా ఏడాది. ఈ రెండు దేశాల మధ్య ఇద్దరూ ఒప్పుకున్న సరిహద్దు ఎక్కడా లేదు. అందుకే పెన్సిలు పట్టగానే మొదటి చిక్కు వస్తుంది.

మొదటి తేదీ ఏది?

ఏ యుద్ధపటం చేతికొచ్చినా మూలన రాసిన తేదీ ముందు చూడండి. ఈ యుద్ధాన్ని 1920 జులై 4న మొదలుపెట్టిన పటంలో సోవియట్ సేనాని తుఖచెవ్‌స్కీ సేనలు పడమటికి విరుచుకుపడుతుంటాయి, పోలండ్ ప్రాణాలు దక్కించుకోవడానికి పోరాడుతుంటుంది. ఏప్రిల్ 25న మొదలుపెట్టిన పటంలో దాడి చేస్తున్నది పోలండే. ఉక్రెయిన్ నాయకుడు పెట్ల్యూరాతో ఒప్పందం చేసుకుని పోలండ్ అధినేత పిల్సూద్‌స్కీ కీవ్ మీదికి సైన్యాన్ని నడిపించాడు. మే 7న పోలిష్ దళాలు ఆ నగరంలో ప్రవేశించాయి, జూన్‌లో వదిలేసి వెనక్కి వచ్చాయి. ఇంకా వెనక్కి, 1919 ఫిబ్రవరికి వెళ్తే మూడో దృశ్యం. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మన్ సేనలు ఖాళీ చేసి వెళ్తున్న నేలలోకి పోలండ్ తూర్పుగా, బొల్షెవిక్‌ల ఎర్రసైన్యం పడమరగా నడుస్తూ ఎదురెదురు పడ్డాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో విల్నో (నేటి విల్నియస్), ఆగస్టులో మిన్స్క్ పోలండ్ చేతికొచ్చాయి.

మూడు పటాల్లో ఏదీ అబద్ధం చెప్పదు. కానీ ఒక్కటే చూసినవాడు తప్పెవరిదో యుద్ధం చూడకముందే తేల్చేసుకుంటాడు. మీ కాగితం మీద మూడు తేదీలూ రాయండి. నా మటుకు నేను పాఠం చెప్పేటప్పుడు 1919 నుంచే మొదలుపెడతాను. లిథువేనియన్లు, బెలారుసియన్లు, ఉక్రేనియన్లు ఆ నేల మీదే బతుకుతున్నారనీ, వాళ్లకూ సొంత దేశం కావాలన్న కోరిక ఉందనీ మిగిలిన రెండు తేదీల్లో సులువుగా మరుగున పడిపోతుంది.

నేల

నీలం పెన్సిలుతో విస్తులా, బుగ్, నీమెన్, ద్నీపర్ నదులు గీయండి. వాటి మధ్య ప్రిప్యాత్ నదికి రెండు వైపులా విశాలమైన చిత్తడి నేల ఉంది. దాన్ని అడ్డగీతలతో నింపండి. పెద్ద సైన్యం, ఫిరంగి బండ్లు దాన్ని దాటలేవు. కాబట్టి ఎవరు ఎటు నడిచినా యుద్ధం రెండు పాయలుగా చీలక తప్పదు. ఉత్తరాన మిన్స్క్ నుంచి బ్రెస్త్ మీదుగా వార్సాకు ఒక దారి, దక్షిణాన కీవ్ నుంచి ల్వూఫ్‌కు (నేటి ల్వీవ్) ఇంకొకటి. చిత్తడి పడమటి అంచు బ్రెస్త్ దరిదాపుల్లో అయిపోతుంది. అక్కడ ఒక చుక్క పెట్టి సున్నా చుట్టండి. రెండు పాయలూ చేతులు కలపాల్సిన చోటు అదే.

తేదీలు, పట్టాలు

ఉత్తరపు పాయలో 1920లో ఎర్రసైన్యం పట్టుకున్న ఊళ్ల పక్కన తేదీలు రాయండి: మిన్స్క్ జులై 11, విల్నో జులై 14, గ్రోద్నో జులై 19, బ్రెస్త్ ఆగస్టు 1. మిన్స్క్ నుంచి బ్రెస్త్‌కు దారం పెట్టి కొలిస్తే తిన్నగా సుమారు 330 కిలోమీటర్లు. 21 రోజులతో భాగించండి. రోజుకు దాదాపు 16 కిలోమీటర్లు వస్తుంది. దారి వంకరలు కలిపితే ఇంకా ఎక్కువ. పోరాడుతూ, కాలినడకన, మూడు వారాలు ఏకబిగిన! ఇంత వేగం కనబడగానే మీరు అడగాల్సిన ప్రశ్న: వీళ్లకు తిండి, తూటాలు ఎలా వస్తున్నాయి?

జవాబు రైలు పట్టాల్లో ఉంది. రష్యా పట్టాల మధ్య వెడల్పు 1524 మిల్లీమీటర్లు. ప్రపంచయుద్ధంలో జర్మన్లు తాము ఆక్రమించినంత మేరా దాన్ని 1435కు మార్చేశారు. మన దగ్గర ఒకప్పుడు మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ కలిసే స్టేషన్లలో సరుకంతా ఒక బండి నుంచి దించి ఇంకో బండికి ఎక్కించేవారు, ఇక్కడా అదే పరిస్థితి. దానికి తోడు వెనక్కి తగ్గుతున్న పోలిష్ దళాలు వంతెనలు కూల్చేశాయి. ముందున్న సైనికుడు ఎంత వేగంగా నడిస్తే వెనకున్న సరఫరా అంత దూరమైపోయింది.

ఆ వేసవిలోనే మాస్కోలో వివిధ దేశాల కమ్యూనిస్టు పార్టీల సంస్థ అయిన కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ రెండో మహాసభ జరిగింది. మన దేశపు విప్లవకారుడు ఎం.ఎన్. రాయ్ కూడా అందులో ఉన్నారు. సభలో పెద్ద పటం వేలాడదీసి ఎర్రసైన్యం ఎంత ముందుకు వెళ్లిందో రోజూ గుర్తులు పెట్టేవారు, ప్రతినిధులు ఆశగా చూసేవారు. ఆ గుర్తులు సైన్యం ఎక్కడికి చేరిందో చెప్పాయి, ఏ స్థితిలో చేరిందో చెప్పలేదు. పోలిష్ కార్మికులు, రైతులు ఎదురొచ్చి స్వాగతిస్తారన్న నమ్మకం కూడా ఆ గుర్తుల వెనక ఉంది. వార్సాలో మాత్రం రైతు నాయకుడు వీతోస్ జులై 24న ప్రధాని అయ్యాడు, భూసంస్కరణ చట్టానికి శాసనసభ ఆమోదం అంతకుముందే దొరికింది. రైతులు వచ్చి చేరింది పోలిష్ సైన్యంలోకే.

ఇక బాణాలు

ఎర్ర పెన్సిలు తీయండి. మొదటి బాణం 27 ఏళ్ల తుఖచెవ్‌స్కీది. అది వార్సాను తిన్నగా గుద్దదు. ఎక్కువ బలం నగరానికి ఉత్తరంగా చుట్టి దిగువ విస్తులా వైపు పోతుంది. రెండోది దక్షిణ పాయలోది. దాని సేనాని ఎగోరోవ్, రాజకీయ ప్రతినిధిగా ఉన్నది స్టాలిన్. అక్కడ బుద్యోన్నీ అశ్వికసేన ల్వూఫ్ మీదికి వెళ్తోంది. ఇప్పుడు మీరు సున్నా చుట్టిన చోటు చూడండి. ఒక బాణం పైకి, ఇంకొకటి కిందికి. మధ్యలో మోజిర్ బృందం అనే చిన్న దళం తప్ప ఎవరూ లేరు. అశ్వికసేనను ఉత్తరానికి పంపమని మాస్కో నుంచి ఆజ్ఞ వచ్చినా స్టాలిన్ దాని మీద సంతకం పెట్టలేదు.

పిల్సూద్‌స్కీ ఆగస్టు 6న ఆ ఖాళీని ఎంచుకున్నాడు. వార్సాకు ఆగ్నేయంగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన, డెంబ్లిన్ దగ్గర విస్తులాలో కలిసే వ్యెప్ష్ నది వెనక దళాలను పోగుచేశాడు. అంతవరకూ రాజధాని నిలబడాలి. 13న వార్సాకు గుమ్మంలాంటి రాజిమిన్ పట్టణం పోయింది, మళ్లీ చేతికొచ్చి మళ్లీ పోయింది, 15న నిలిచింది. వాయవ్యాన వ్‌క్రా నది దగ్గర పోలిష్ సేనాని సికోర్‌స్కీ సేన ఎదురుదాడికి దిగింది. 16న వ్యెప్ష్ నుంచి నీలం బాణం ఉత్తరానికి గీయండి. అది మోజిర్ బృందాన్ని చీల్చుకుంటూ ఎర్రసైన్యం వీపు వెనక తేలుతుంది. 22న బియావిస్తోక్ పోలండ్‌ది. ఉత్తరాన ముందుకెళ్లిపోయిన ఎర్ర దళాలకు దారి మూసుకుపోయింది, వేలమంది జర్మనీకి చెందిన తూర్పు ప్రష్యాలోకి దాటి ఆయుధాలు అప్పగించారు.

పెన్సిలుకు అందనిది ఒకటుంది. పోలిష్ సైన్యాధికారి యాన్ కొవలెవ్‌స్కీ బృందం రష్యన్ల వైర్‌లెస్ సంకేతాలను ఛేదిస్తూ ఉండేది. ఆ ఖాళీ పిల్సూద్‌స్కీకి ఊహ మీద మాత్రమే తెలియలేదు. ఇలాంటి సమాచారానికి నాలుగో రంగు కేటాయించండి, పటం అంచున చిన్న గమనికగా రాయండి.

అభ్యాసం

1920 సెప్టెంబరులో నీమెన్ నది యుద్ధాన్ని ఇదే క్రమంలో గీయండి: తేదీ, నేల, పట్టాలు, బాణాలు. ఆ తర్వాత కొత్త కాగితం మీద రెండు గీతలు దించండి. ఒకటి 1920 జులైలో బ్రిటన్ సరిహద్దుగా సూచించిన కర్జన్ రేఖ, ఇంకొకటి 1921 మార్చి 18న ఈ యుద్ధాన్ని ముగించిన రీగా ఒడంబడికలో తేలిన సరిహద్దు. మధ్య నేలకు రంగు వేసి, పెట్ల్యూరా ఉక్రెయిన్ ఎక్కడుందో వెతకండి. కీవ్‌కు పోలండ్‌తో కలిసి నడిచిన ఆ ప్రభుత్వానికి రీగాలో కుర్చీ లేదు. అక్కడ ఉక్రెయిన్ తరఫున సంతకం చేసింది సోవియట్ పక్షం. 5వ పాఠం ఆ రంగు వేసిన నేల మీదే ఉంటుంది, కాబట్టి ఈ కాగితం పారేయకండి.