జెరాక్స్ మిషన్ ఆన్ కావడం లేదా? మెకానిక్‌ను పిలిచే ముందు ఇలా చూడండి

పొద్దున్నే ఆఫీసు తలుపు తీసి జెరాక్స్ మిషన్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. స్క్రీను నల్లగా ఉంది, ఒక్క లైటు వెలగదు. కాగితాలు పట్టుకుని ఇద్దరు పక్కనే నిలబడి ఉన్నారు. అప్పుడు చాలామంది అదే బటన్‌ను ఇంకో పదిసార్లు నొక్కి, సర్వీసు వాళ్లకు ఫోన్ చేసి "మిషన్ చచ్చిపోయింది" అంటారు. ఏళ్ల తరబడి ఈ మిషన్లు బాగుచేస్తున్నవాణ్ని. ఆ మాట విని పరుగున వెళితే తప్పు మిషన్‌లో కాకుండా గోడ సాకెట్‌లోనో, వెనక వేలాడే తీగలోనో దొరికిన రోజులు ఎన్నో ఉన్నాయి. రెండు నిమిషాల్లో సరిపోయేదానికి ఆఫీసంతా ఒక పూట ఆగిపోయిందే అని నాకే కష్టంగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

చూసే పద్ధతి ఒక్కటే. కరెంటు గోడలో బయల్దేరి, తీగ దాటి, మెయిన్ స్విచ్చు దాటి, లోపలి పవర్ సప్లై బోర్డుకు చేరుతుంది. అక్కడి నుంచి స్క్రీనుకు, మోటార్లకు పంపకమవుతుంది. మనమూ ఆ దారినే వరసగా వెళ్లాలి. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

1. ఆగిపోయిందా, నిద్రలో ఉందా?

చాలా ఆఫీసు మిషన్లకు రెండు స్విచ్చులు ఉంటాయి. పైన ప్యానెల్ మీద కనిపించేది నిద్ర లేపే బటన్ మాత్రమే. అసలు మెయిన్ స్విచ్చు పక్కనో, వెనకో, ముందు తలుపు లోపల చిన్న మూత కిందో ఉంటుంది. ఊడ్చేటప్పుడో, మిషన్ జరిపేటప్పుడో అది ఎవరి చేతికో తగిలి ఆఫ్ అయి ఉండొచ్చు. దాన్ని వెతికి చూడండి. కొన్నింటిలో ఫలానా టైముకు దానంతట అదే ఆఫ్ అయ్యేలా టైమర్ కూడా పెట్టి ఉంటారు.

మెయిన్ స్విచ్చు ఆన్‌లోనే ఉంటే ఒకసారి ఆఫ్ చేయండి. పది పదిహేను సెకన్లు ఆగి, చెవి మిషన్ పక్కకు పెట్టి మళ్లీ ఆన్ చేయండి. ఫ్యాను గాలి శబ్దం వస్తోందా? లోపల ఎక్కడైనా "టక్" మని రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చు) పడిందా? పై మూత ఎత్తితే గాజు కింద స్కానర్ లైటు కదిలిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, వినిపించినా మిషన్‌కు కరెంటు అందుతోంది, స్క్రీనుకే ఏదో అయి ఉండొచ్చు. కంప్యూటర్ నుంచి ఒక పేజీ ప్రింట్ పంపి చూడండి. కాగితం బయటికొస్తే సందేహమే లేదు. అప్పుడు మెకానిక్‌తో "ఆన్ కావట్లేదు" అనకండి, "ప్రింట్ వస్తోంది, స్క్రీను మాత్రం నల్లగా ఉంది" అనండి. ఆ ఒక్క వాక్యంతో ఆయన ఏ సామాను తెచ్చుకోవాలో తెలిసిపోతుంది.

కంపెనీ లోగో దాకా వచ్చి అక్కడే నిలిచిపోతే మాత్రం అది కరెంటు సమస్య కాదు. సాఫ్ట్‌వేరో, హార్డ్ డిస్కో, మెమరీయో చూసుకోవాలి. ఈ వ్యాసం దానికి పనికిరాదు.

2. గోడ సాకెట్‌ను నమ్మకండి

జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

"సాకెట్‌లో కరెంటు ఉంది సార్, ఫోన్ చార్జర్ పెట్టి చూశాం" అంటారు. ఫోన్ చార్జర్‌కు కావాల్సింది కొన్ని వాట్లు. అదే ఆఫీసు జెరాక్స్ మిషన్ వేడెక్కే వేళ 1,500 వాట్ల దాకా లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది ఆరున్నర ఆంపియర్ల కరెంటు. కాగితం మీద టోనర్ పొడిని కరిగించి అతికించే ఫ్యూజర్ యూనిట్‌లో 200 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల వేడి పుట్టాలి కదా, కరెంటంతా దానికే పోతుంది. 1959లో వచ్చిన జిరాక్స్ 914 మిషన్‌తో పాటు చిన్న మంటలార్పే సిలిండర్ కూడా ఇచ్చారంటే ఈ వేడి సంగతి అర్థం చేసుకోవచ్చు. సాకెట్ లోపల స్క్రూ వదులైతే చార్జర్‌కు సరిపోయే కరెంటు ఎలాగో వస్తుంది, మిషన్‌కు చాలదు.

టెస్టర్ స్క్రూడ్రైవర్ మాట కూడా పూర్తిగా నమ్మలేం. అందులో చిన్న బల్బు వెలిగితే ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ, బాగుందని మాత్రమే అర్థం. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ తెగిపోయినా ఆ బల్బు నిక్షేపంగా వెలుగుతుంది. ఒక్కోసారి రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. అదే లైనులో వేరే వస్తువేదో ఆన్‌లో ఉంటే దాని గుండా ఫేజు న్యూట్రల్ వైపుకు వచ్చేస్తుంది. రెండు వైపులా వెలిగిందంటే న్యూట్రల్ పోయిందని గట్టిగా అనుమానించండి.

అందుకే సాకెట్‌కు లోడు పెట్టి, అంటే ఎక్కువ కరెంటు లాగే వస్తువు పెట్టి చూడాలి. మిషన్ ప్లగ్గు తీసేసి, అదే సాకెట్‌లో ఎలక్ట్రిక్ కెటిలో, ఇస్త్రీ పెట్టో పెట్టండి. రెండు మూడు నిమిషాల్లో బాగా వేడెక్కితే సాకెట్ మంచిదే. వేడెక్కకపోయినా, సాకెట్ నుంచి చిటపటలు వినిపించినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా వెంటనే స్విచ్చు కట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. జెరాక్స్ మెకానిక్‌కు అక్కడ పని లేదు.

3. బోర్డు, యూపీఎస్, తీగ

మిషన్ ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి ఉంటే దాన్ని తీసేసి నేరుగా గోడకే పెట్టి చూడండి. బోర్డులో చిన్న ఫ్యూజో, నొక్కితే సరయ్యే బటనో ఉంటుంది, అది పడిపోయి ఉండొచ్చు. అది సరిచేసినంత మాత్రాన మళ్లీ మిషన్‌ను దానికి తగిలించకండి. కంప్యూటర్ కోసం పెట్టిన చిన్న యూపీఎస్‌కూ పెట్టకండి. ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో పడే లోడును అది మోయలేదు.

ఇక తీగ. మిషన్ వైపు చివర చాలావాటిలో ఊడదీయడానికి వీలుగా ఉంటుంది. మిషన్‌ను గోడ వైపు తోసినప్పుడల్లా ఆ చివర కొంచెం కొంచెంగా బయటికి జరుగుతుంది. చూస్తే పెట్టినట్టే ఉంటుంది, లోపల పిన్ను అందదు. ఒక ఆఫీసులో మూడు రోజులు ఆగిపోయిన మిషన్‌ను చూడ్డానికి వెళ్లాను. తీగను లాగి పట్టుకుంటే మూడు రంధ్రాల్లో ఒకటి చుట్టూ గోధుమ రంగుకు తిరిగి, ప్లాస్టిక్ మైనంలా కరిగి గట్టిపడి ఉంది. మిషన్ వైపు పిన్ను నల్లగా మసి పట్టింది. ఎన్ని నెలలుగానో వదులుగా కూర్చుని, వేడెక్కి, చివరికి కాలిపోయింది. కొత్త తీగ పెట్టి, మసి పట్టిన సాకెట్ ముక్క మార్చాక మిషన్ మామూలుగా లేచింది.

కాబట్టి గోడ దగ్గర ప్లగ్గు తీశాకే మిషన్ వెనక చివర లాగి, టార్చి వెలుగులో చూడండి. శుభ్రంగా ఉంటే గట్టిగా లోపలికి తోయండి. కాలిన గుర్తు ఉంటే ఆ తీగను మళ్లీ వాడొద్దు. వేరే తీగతో పరీక్షించాలంటే అంతే మందం, అంతే ఆంపియర్లు రాసి ఉన్నదే వాడండి. ఎలుకలు తిరిగే చోటైతే తీగ పొడవునా చేత్తో తడిమి పంటి గాట్లు కూడా చూసుకోండి, అప్పుడూ ప్లగ్గు తీసే ఉండాలి.

4. ఎమ్‌సీబీ పడిపోతోందా?

ఎమ్‌సీబీ అంటే లోడు ఎక్కువైనా, షార్టయినా కరెంటును దానంతట అదే ఆపేసే స్విచ్చు. అది పడితే ఒకసారి ఎత్తి చూడొచ్చు. మళ్లీ పడితే ఇంకోసారి ఎత్తకండి. మిషన్ ప్లగ్గు పూర్తిగా తీసి అప్పుడు ఎత్తండి. అయినా పడితే తప్పు వైరింగ్‌లో ఉంది. నిలబడితే, మిషన్ మెయిన్ స్విచ్చు ఆఫ్‌లో ఉంచి ప్లగ్గు పెట్టండి. అక్కడే పడితే తీగలోనో, తీగ దూరే చోటో షార్టు ఉంది. స్విచ్చు వేశాకే పడితే మిషన్ లోపల. ఎక్కడ పడిందో కాగితం మీద రాసుకోండి. కొన్ని పెద్ద మిషన్లకు తీగ దగ్గరే సొంత బ్రేకర్ ఉంటుంది, దాన్నీ చూడండి.

5. కాసేపు విశ్రాంతి, తర్వాత ఒంటరిగా

కరెంటు ఒక్కసారిగా ఎగిసినప్పుడు పవర్ సప్లై తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. స్విచ్చు ఎన్నిసార్లు వేసినా లేవదు. ప్లగ్గు తీసి పది నిమిషాలు వదిలేయండి. చల్లటి చోటు నుంచి వెచ్చటి గదికి మార్చిన మిషన్ అయితే లోపల తేమ పట్టి ఉంటుంది, గంటో రెండు గంటలో ఆగడం మేలు.

ప్లగ్గు తీసి ఉండగానే నెట్‌వర్క్ కేబుల్, యూఎస్‌బీ, ఫోన్ లైను ఊడదీయండి. కాగితాలు స్టేపుల్ చేసే ఫినిషర్ కేబుల్ బయటినుంచే తీయగలిగితే అదీ తీయండి. అలాంటి అనుబంధ యూనిట్‌లో 24 వోల్టుల లైను షార్టయితే మొత్తం మిషన్‌నే పడుకోబెట్టేస్తుంది. ఇవేవీ లేకుండా ఆన్ అయితే, ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి, ఒక్కొక్కటే తిరిగి పెడుతూ చూడండి.

6. తలుపులు

ముందు తలుపు, పక్క తలుపు, టోనర్ మూత అన్నీ "క్లిక్" మనేదాకా మూయండి. ప్రతి తలుపు వెనక చిన్న ప్లాస్టిక్ నాలుక ఒక స్విచ్చును నొక్కుతుంది. అది విరిగితే మోటార్లకు కరెంటు వెళ్లదు. ఎక్కువ మిషన్లలో స్క్రీను వెలిగే ఉండి తలుపు తెరిచి ఉందని చెబుతుంది. కొన్ని పాతవాటిలో మాత్రం ఏమీ చెప్పకుండా మొత్తం ఆగిపోతుంది. విరిగిన నాలుక బదులు కాగితం మడతో, అగ్గిపుల్లో దూర్చి నడిపించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. తిరిగే గేర్లు, కాలే రోలర్, లేజర్ కిరణం వీటన్నిటికీ మీ చేతికీ కంటికీ మధ్య ఉన్న కాపలా ఆ స్విచ్చే.

7. ఇక్కడ ఆగండి

ఇవన్నీ చూశాక కూడా లేవకపోతే తప్పు దాదాపుగా పవర్ సప్లై బోర్డులోనో, దాని ఫ్యూజులోనో, మెయిన్ స్విచ్చులోనో ఉంటుంది. వెనక కవర్ స్క్రూలు విప్పాలనిపిస్తుంది. వద్దు. 230 వోల్టుల కరెంటు ఆ బోర్డులో 325 వోల్టుల దాకా డీసీగా మారి కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కాసేపు అక్కడే ఉంటుంది. ఫ్యూజు బదులు తీగ ముక్క చుట్టి నడిపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఫ్యూజు పోయిందంటే దాని వెనక ఇంకేదో పోయి ఉంటుంది.

ఫోన్‌లో ఏం చెప్పాలి?

మోడల్ పేరు, సీరియల్ నంబరు. చివరిసారి ఎప్పుడు పనిచేసింది, ఆగేముందు ఏం జరిగింది: కరెంటు పోయి వచ్చిందా, మిషన్ జరిపారా, వాసనో శబ్దమో వచ్చిందా. ఫ్యాను తిరుగుతోందా లేదా. సాకెట్‌ను లోడు పెట్టి చూశారా, ఎమ్‌సీబీ ఏ దశలో పడింది. ఇవి చెబితే సరైన బోర్డు వెంట తెచ్చుకుని మొదటి రాకలోనే ముగించే వీలుంటుంది.

ఆయన వచ్చేదాకా ప్లగ్గు తీసే ఉంచండి. "ఆన్ చేయవద్దు" అని ఒక కాగితం మీద రాసి, స్విచ్చు మీద కాకుండా తీసిన ప్లగ్గు చివరకే అతికించండి.