దారి తెగకముందే పనులకు పేర్లు రాసుకోండి

మృగశిర కార్తె వచ్చిందంటే కృష్ణా నది మధ్యనున్న గుర్రంగడ్డలోనూ, అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల్లోనూ (గూడేల్లోనూ) ఒకటే దిగులు. జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తితే పుట్టి (బుట్ట పడవ) నడవదు. వాగు పొంగితే జీపు రాదు. అన్ని రోజులూ ఊరికి ఊరే దిక్కు.

సరుకులకంటే ముందు పనులకు పేర్లు పెట్టండి. అందరూ చూసుకుంటారనుకున్న పని ఎవరూ చూడరు. 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా తీరం చేరిన 102 మంది ప్రయాణికుల్లో దాదాపు సగం మంది మొదటి చలికాలం దాటలేదు. మిగిలినవారి ఉమ్మడి సేద్యం సాగక, 1623లో ఇంటికింత నేల పంచాక ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని మొక్కజొన్న నాటడానికి వెళ్లారు. అలాగని అన్నీ ఎవరికి వారే పంచేసుకుంటే ఊరు నిలవదు. మన చెరువుల కింద మడి ఎవరిది వారిదే, నీళ్లు మాత్రం ఊరివి. వాటికి నీరటి ఉండేవాడు. తూము తెరవడం, ఏ మడికి ఎంతసేపు పారాలో చూడడం అతని పని. పంట వచ్చాక రైతులు అతనికి గింజలు కొలిచేవారు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. ఊరి పనికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి కూలి ముట్టాలి.

అందుకే బియ్యం, జొన్నలు, పప్పు, ఉప్పు ఏ ఇంటివి ఆ ఇంట్లోనే ఉండనివ్వండి. తాగునీటి బావిని మాత్రం ఒకరికి అప్పగించండి. వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పొడిని బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే బావిలో పోయాలి. గంట ఆగి తోడుకోవాలి. మూత తెరిచి ఉంచిన పొడి పనిచేయదు, మూత బిగించడం కూడా ఆ మనిషి బాధ్యతే.

నెలలు నిండుతున్న గర్భిణులను దారి ఉండగానే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. ఇందులో మొహమాటం వద్దు. పాము కరిస్తే కోయవద్దు, గట్టిగా కట్టవద్దు. కాలు చేయి కదలకుండా ఉంచి, దారి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లేదంటే 108కు ఫోను చేసి పడవ అడగాలి. ఆ ఫోను చార్జింగ్ ఎవరు చూడాలో కూడా రాసుకోండి. పొంగిన ఏట్లో పుట్టి ఎక్కవద్దు, ఎంత అవసరమైనా సరే.

పేర్ల కాగితాన్ని బడి గోడకు అంటించి, దసరా దాటినా తీయకండి. 2009 వరదల్లో అలంపూర్, రాజోలి మునిగింది దసరా వెళ్లిన వారంలోపే.